వానొస్తే ఏడ్చే డబ్బా

ఈసారి ఆషాఢంలో మా మామ మళ్లీ గిటారు పట్టాడు. మా బస్తీ ఛత్రినాకలో ఎవరిని కదిలించినా ఈ మాట చెబుతారు, చెప్పేటప్పుడు అదేదో తామే దగ్గరుండి పట్టించినట్టు చెబుతారు. చెప్పుకోనివ్వండి, మనకేం పోయింది. కానీ అసలు జరిగింది తెలిసినవాళ్లం మా ఇంటి నలుగురం, మేడమీద అద్దెకుండే శ్రీహరిరావు సారు, అంతే.

మాది పాల ఇల్లు. వెనక కొట్టంలో బర్రెలు, ముందు గదిలో సగం పాల కౌంటర్, మిగతా సగం నా రిపేరు బల్ల. పెళ్లికి ముందే ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివాను. కోడలు స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటే పేడ ఎవరెత్తుతారని కొత్తలో మా అత్తమ్మ బుచ్చమ్మ గొణిగింది గానీ, ఇంట్లో మిక్సీ ఆగి పచ్చడి రోట్లో నూరాల్సి వచ్చిన రోజున ఆ గొణుగుడు కూడా ఆగింది. ఇప్పుడు పాలకొచ్చినవాళ్లకు నా గురించి గొప్పలు చెప్పేది ఆమే.

మా మామ మొగులయ్య ఒకప్పుడు ఆర్కెస్ట్రా పార్టీలో గిటారు వాయించేవాడు. గిటారును ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించే రకం. ఆయన వాయిస్తుంటే పెళ్లికొడుకు తాళి సంగతి కూడా మరిచిపోయేవాడని అత్తమ్మ అంటుంది. ఆమె లెక్కలో ఆ పెళ్లికొడుకు ఈయనే.

ఆ గిటారుకు తోడు ఒక ఆంప్లిఫయర్ ఉంది. ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు, డబ్బా అంటేనే అందరికీ తెలుస్తుంది. టేకు పెట్టె, లోపల గాజు వాల్వులు. స్విచ్ వేయగానే పలకదు. వాల్వులు కాగి నారింజ రంగుకు తిరిగాక, అప్పుడు నింపాదిగా గొంతు విప్పుతుంది. ఏడాదంతా తవుడు బస్తాల వెనక పాత దుప్పటి కప్పుకుని పడుండే ఆ డబ్బా దసరాకు మాత్రం బయటికొచ్చేది. మామ దాని వెనక చెక్కలు విప్పి, దుమ్ము తుడిచి, స్నానానికి పోయేవాడు. ఆయన వాయించే రోజుల నుంచీ ఉన్న ఆనవాయితీ కొద్దీ అత్తమ్మ పాల క్యాన్లకు, కొడవళ్లకు, నా సోల్డరింగ్ ఐరన్‌కు, దానికీ కలిపి ఆయుధపూజ చేసేది. మళ్లీ చెక్కలు బిగించి, మళ్లీ దుప్పటి కప్పేవారు.

నేను ఈ ఇంటికి రాకముందు ఒక బోనాల పండుగనాడు స్టేజీ మీద, పాట సగంలో అది చిటపటమని, గీపెట్టి, గొంతు పూడిపోయి ఆగిందట. అంతకు కొద్దిరోజుల ముందే లోపల ఊడిన తీగ ఒకటి మామ తన చేత్తో అతికాడు. నువ్వు చేయి పెట్టావు, ఖరాబైంది అన్నారు పార్టీవాళ్లు. మెకానిక్కు దగ్గరికి మోసుకెళ్తే అక్కడ శుభ్రంగా పలికేది. ఇంటికి తెచ్చి మామ ముందు కూర్చోగానే మళ్లీ ఏడుపు. అలా కొన్నిసార్లు అయ్యాక ఆయనకు ఒక నమ్మకం కుదిరిపోయింది. తప్పు డబ్బాలో లేదు, తన చేతిలో ఉంది. ఇక గిటారు అటకెక్కింది.

ఈ యేడు బస్తీ కమిటీ జగదీశ్వర్ పాలకు వచ్చి, పోచమ్మ గుడి ముందు డీజే వద్దనుకున్నామని, మొగులయ్య బాపు ఒక్క పాట వాయిస్తే అమ్మవారి దగ్గర నిండుగా ఉంటుందని అడిగాడు. మామ తన వేళ్లు చూసుకున్నాడు. వాటి కణుపులు ఏటేటా బిగుస్తున్నాయి. పాలు పిండే పని ఇప్పుడు మా ఆయన అంజన్‌దే అయింది. వచ్చే ఏటికి ఆ వేళ్లు కడ్డీ పట్టగలవో లేవో.

“డబ్బా పలికితే వాయిస్త,” అన్నాడు మామ. పలకదన్న ధీమాతో అన్న మాట అది.

నాకు రోషం పొడుచుకొచ్చింది. “పలుకుతది మామా. నాకియ్యి,” అన్నాను, పాల కోసం నిలబడ్డ అందరి ముందూ. నోరు జారాక గుర్తొచ్చింది, నేను వాల్వు డబ్బా అనేది పుట్టి బుద్ధెరిగి ఒక్కటి కూడా రిపేరు చేయలేదని.

అందుకే మేడమీదికి పరుగెత్తాను. శ్రీహరిరావు సారు రేడియో స్టేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగానికని గోదావరి వైపు నుంచి వచ్చి, పాలు బాగుంటాయని మా మేడమీదే ఉండిపోయారు. వాల్వులు అన్న మాట వినగానే ఆయన పేపరు పక్కన పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగారు.

వెనక చెక్కలు విప్పితే లోపలంతా పాత బొట్లు. ట్రాన్స్‌ఫార్మర్ మీద, రేకు మీద, అట్టబోర్డు మీద వరసగా బిగించిన ఇత్తడి రివెట్ల మీద, ఎక్కడ చూస్తే అక్కడ. సారు వాటిని తాకి వేళ్లు కళ్లకద్దుకున్నారు. నేనూ ఐరన్ పట్టేముందు ఒక దండం పెట్టుకున్నాను. ఆ దండం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను దాని దగ్గరికి.

సారు నాకు పాఠం మొదలుపెట్టారు. వాల్వులో ఒక పక్క కాగే గొట్టం, ఇంకో పక్క ప్లేటు, మధ్యలో సన్నని తీగ జాలీ. కాగిన గొట్టం నుంచి కరెంటు ప్లేటు వైపు దూకుతుంది. ఎంత దూకాలో చెప్పేది మధ్య జాలీ. గిటారు తీగ కదిలితే పుట్టే చిన్న అదురు ఆ జాలీకి చేరుతుంది, ప్లేటు దగ్గర అదే పెద్దదవుతుంది.

“ఆ జాలీ గేటు కాడ కాపలావాడన్నమాట, అమలమ్మా. వాణ్ని కొంచెం నెగటివ్‌లో ఉంచితేనే బుద్ధిగా పని చేస్తాడు. ఎక్కణ్ణుంచైనా వాడికి పాజిటివ్ ముట్టిందా, గేటు బార్లా తీసేస్తాడు. ప్లేటు ఎర్రగా కాలిపోతుంది,” అన్నారు.

ఇంకో పాఠం కూడా చెప్పారు. ఇందులో రెండొందల యాభై వోల్టులు తిరుగుతాయి, స్విచ్ తీసినా కండెన్సర్లలో నిలవ ఉంటాయి. అవి ఖాళీ చేయకుండా చేయి పెట్టొద్దు, వెలుగుతుండగా కొలిస్తే ఒక్క చేత్తోనే కొలవాలి, రెండోది వెనక్కి పెట్టుకోవాలి. నేను అలా ఒక చేయి నడుము వెనక దాచుకుని వంగి మీటర్ పెడుతుంటే, పెద్దమనిషి ముందు నిలబడ్డట్టు దాని ముందు ఆ వినయమేందని అత్తమ్మ నవ్వింది. తన ముందు ఎన్నడైనా గట్ల నిలబడ్డానా అని కూడా అడిగింది.

ఎండిపోయిన పెద్ద కండెన్సర్లు మార్చాం. ఆ మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. డబ్బా వెలిగింది, గొంతు సవరించుకుంది, గిటారు తగిలిస్తే కమ్మగా పలికింది. అంజన్ జిలేబీ తెచ్చాడు. మామ అటక మీంచి దించిన గిటారును ఒళ్లో పెట్టుకుని, కడ్డీతో ఒక్క తీగ మీద అటూ ఇటూ జారాడు. ఆ ఒక్క స్వరానికే అత్తమ్మ చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. నాకు గర్వంతో కడుపు నిండిపోయింది.

సాయంత్రానికి వాన పట్టింది. మామ మళ్లీ కూర్చున్నాడు. నాలుగు స్వరాలు పలికాయో లేదో, చిటపటలు మొదలయ్యాయి. గొంతు బొంగురుపోయింది. వెనక నుంచి చూస్తే ఒక పెద్ద వాల్వులో ప్లేటు నిప్పులా ఎర్రబడుతోంది. నేను ప్లగ్గు పీకాను. మామ కడ్డీని బట్టలో చుట్టి, నా బల్ల మీద పెట్టి, బర్రెలకు గడ్డి వేయడానికి వెళ్లిపోయాడు. చూశావా అని అన్నా బాగుండేది.

వాల్వు ఎర్రబడిందంటే జాలీకి పాజిటివ్ తగులుతోంది. ముందు వాల్వు ప్లేటుకూ ఈ జాలీకీ మధ్య ఒక కండెన్సర్ ఉంటుంది. అదురును పోనిచ్చి వోల్టేజీని ఆపడమే దాని పని. అది లీకవుతోందన్నారు సారు, నాకూ అంతే అనిపించింది. కోఠిలో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే గుజరాతీ గల్లీకి వెళ్లి కొత్తది తెచ్చి వేశాను. ఎండలో బ్రహ్మాండంగా పలికింది. మర్నాడు ముసురు పట్టింది, మళ్లీ ఏడ్చింది.

ఈసారి సారు ఆ కండెన్సర్ కాలు ఒకటి విప్పి గాల్లో ఉంచమన్నారు. అప్పుడు జాలీకి ముందు వాల్వు నుంచి దారే ఉండదు. ఒక చేయి వెనక్కి పెట్టుకుని మీటర్ ఆనించాను. తొమ్మిది వోల్టులు, పాజిటివ్. దారి లేదు, అయినా కరెంటు వస్తోంది. సారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. నేను వాల్వు మార్చి చూశాను. అదే తొమ్మిది. ఇద్దరం టీ తాగాం, అది కూడా అచ్చిరాలేదు.

బయట వాన పడుతూనే ఉంది. నా బల్ల మీద నీళ్లలో పడ్డ రిమోట్ ఒకటి ఉంది, దాన్ని ఆరబెట్టడానికి పెట్టుకున్న హెయిర్ డ్రయ్యర్ పక్కనే ఉంది. ఏ ఆలోచనతో తీశానో నాకే తెలియదు. మీటర్ అలాగే ఉంచి, అట్టబోర్డు మీదికి వేడిగాలి పట్టాను. తొమ్మిది ఏడైంది, నాలుగైంది, కాసేపటికి సున్నా దగ్గరికి వచ్చి నిలబడింది.

“తేమ,” అన్నారు సారు. “కానీ ఉత్త అట్ట ఇంత దారి ఇవ్వదే.”

స్విచ్ తీసి, కండెన్సర్లు ఖాళీ చేసి, భూతద్దం పట్టుకుని బోర్డు మీదికి వంగాను. రెండొందల యాభై వోల్టులున్న రివెట్టు, దాని పక్కనే జాలీకి వెళ్లే రివెట్టు. రెండింటి మీదా బొట్లు. ఒక దసరా మీద ఇంకో దసరా, పొర మీద పొర, పెరిగి పెరిగి రెండు బొట్లూ ఒకదాన్నొకటి తాకి ఎర్రటి చార అయ్యాయి. గోటితో గీరితే పసుపు వాసన వచ్చింది. దసరాకు గాలి పొడిగా ఉంటుంది, ఆ బొట్టు ఎవరినీ ఏమీ అనదు. ఆషాఢపు ముసురు తగిలి చెమ్మగిల్లితే అదే తీగ అవుతుంది. మెకానిక్కు దుకాణంలో పొద్దంతా వెలిగించి ఉంచేసరికి వేడికి ఆ చెమ్మ ఆరిపోయి డబ్బా ఏడుపు మానేది.

మొదటి రోజే ఇద్దరం చూశాం వాటిని. చూసి దండం పెట్టుకున్నాం. బొట్టును బొట్టులాగే చూస్తాం గానీ, అది కరెంటు మోస్తుందని ఎవరికి తోస్తుంది.

సారూ నేనూ తలలెత్తి కొట్టం వైపు చూశాం. అత్తమ్మ తవుడు కలుపుతోంది.

“ఏం చెబుతావమ్మా?” అన్నారు సారు మెల్లగా.

తేమ అని చెబుతానన్నాను. సారు తలూపి మేడెక్కిపోయారు. స్పిరిట్‌లో ముంచిన దూదితో రివెట్టు రివెట్టునూ తుడిచాను. దూది ఎర్రగా వచ్చింది. ఆరబెట్టి, మధ్యలో వార్నిష్ పూశాను. తుడుస్తున్నంతసేపూ నాకు బాధగానే ఉంది. ఆ డబ్బా స్టేజీ మీద ఆగిన రోజు జనం నవ్వారట. ఆ నవ్వు మామకంటే అత్తమ్మకు ఎక్కువ గుచ్చుకుంది. మొగుడి పాట మళ్లీ పలకాలని ఆ తరవాత ప్రతి దసరాకూ ఇంకాస్త ఎక్కువ కుంకుమ పెట్టిందామె. ఆ కుంకుమే పాట గొంతు నొక్కిందని ఏ నోటితో చెప్పను.

ముసురులోనే డబ్బా వెలిగించి మామను పిలిచాను. పలుకుతోంది చూడు, తేమ వల్ల అయింది, నీ చేతిలో ఏ తప్పూ లేదు అని చెప్పాను. ఆయన డబ్బాకేసి కాదు, నా మొహంకేసి చూశాడు.

“వాన అందరిండ్లల్ల పడుతది బిడ్డా. అందరి డబ్బాలు ఏడుస్తయా? ఏదో దాస్తున్నవ్. నేను అతికిన తీగనే అని నా మొహం మీద చెప్పనీకె నీకు మనసొస్తలేదు,” అన్నాడు.

కాదు మామా అన్నాను. ఆయన నా తల మీద చేయి వేసి, మంచి పని చేశావని, ఆ గిటారు వేరే ఎవరికైనా ఇస్తే వాయించుకుంటారని చెప్పి వెళ్లిపోయాడు. ఒకరి మనసు కాపాడబోయి ఇంకొకరి మనసులో ఉన్న ముల్లును ఇంకా లోపలికి దించాను.

మా అత్తమ్మ ఇల్లు ఊడ్చిందంటే చీమ తల కూడా మిగలదు. నా బల్ల కింద పడ్డ దూది ఉండలు ఆమె చీపురుకు దొరికాయి. ఒకటి వేళ్లతో పట్టుకుని నా దగ్గరికి వచ్చి, నీ చేయి గిట్ల తెగిందా అని అడిగింది. తుప్పు అత్తమ్మా అన్నాను.

ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. “తుప్పుకు పసుపు వాసనొస్తదా?”

ఇక దాచలేకపోయాను. వెనక చెక్కలు తీసి బోర్డు చూపించి, ఎక్కడి నుంచి ఎక్కడికి దారి పడిందో, వానకు ఎందుకు ఏడ్చిందో చెప్పాను. ఆమె అంతా విని, మొదటిసారి స్టేజీ మీద ఆగినప్పుడు కూడా ఇదేనా అని మాత్రం అడిగింది. అవునన్నాను. చీపురు మూలన పెట్టి, చేతులు కడుక్కుని, దూది ఉండను కొంగుకు ముడేసుకుని కొట్టంలోకి నడిచింది. నేను వెనకే వెళ్లి తలుపు దగ్గర ఆగిపోయాను. అంజన్ పాలు పిండడం ఆపాడు.

మామ కొడవలితో గడ్డి తరుగుతున్నాడు. ఆమె కొంగు విప్పి ఆ ఎర్ర దూది ఆయన ముందు పెట్టింది.

“నీ చేయి కాదు, నాది,” అంది. “నువ్వు తానానికి పోయినంక ఒక్కో ఇత్తడి మొలకు ఒక్కో బొట్టు పెట్టేదాన్ని. ఒక్కటి ఇడిసిపెడితే దానికి కోపమొస్తదనుకున్న. పిల్ల నా మీద పడకుండ దాసింది.”

మామ దూదిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. ఇంతలో ఆయన భుజాలు అదరడం మొదలైంది, ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. పళ్లు ఊడొస్తాయేమో అన్నంత నవ్వు.

“గందుకేనా,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “మెకానిక్‌లు ఇప్పి సూసి, బొట్టున్నదని దండం పెట్టి మూసిండ్రు.”

అత్తమ్మ నవ్వలేదు. ఇన్నేండ్ల పాట నేనే తిన్నానంది. ఆయన కొడవలి కింద పెట్టి, ఆమె మోచేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఏం చెప్పాడో నాకు వినపడలేదు, వినే పని కూడా కాదు. అంజన్ నన్ను కళ్లతోనే లోపలికి పొమ్మన్నాడు. ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో తీగల మోత మొదలైంది. బిగిసిన వేళ్లతో ఒకటి పలికితే రెండు తప్పేవి. పాలకు వచ్చినవాళ్లు గిన్నె నిండినా కదిలేవారు కాదు.

బోనాల ఆదివారం పొద్దున్నే మబ్బు పట్టింది. పోచమ్మ గుడి ముందు పందిరికి టార్పాలిన్ కట్టారు. వేపాకు తోరణాలు, బోనాలెత్తుకున్న ఆడవాళ్లు, డప్పులు, ఆ సందులో ఇసుక వేస్తే రాలదు. డబ్బాను బల్ల మీద పెట్టి ప్లగ్గు తగిలించాను. శ్రీహరిరావు సారు పట్టు పంచె కట్టుకుని వచ్చి, వెనక నుంచి వాల్వులు చూసి, నాకు తల ఊపారు. అంజన్ గిటారు మోసుకొచ్చి మామ ఒళ్లో పెట్టాడు. జగదీశ్వర్ మైకులో ఏదో చెబుతుండగా టార్పాలిన్ మీద వాన మొదలైంది. నేను తుడిచిన ప్రతి రివెట్టూ మనసులో ఒకసారి తడుముకున్నాను.

అత్తమ్మ బోనం దించి, కుంకుమ పళ్లెంతో అమ్మవారికి, గడపకు, డప్పులకు బొట్టు పెట్టుకుంటూ వచ్చింది. డబ్బా దగ్గరికి వచ్చేసరికి పళ్లెం కొంగులో దాచుకుని పక్క నుంచి తప్పుకుపోయింది.

మామ కడ్డీ ఎత్తి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. డప్పులు ఆగాయి. జనం చూస్తున్నారు. ఆయన మొదలుపెట్టడు.

“బొట్టు పెట్టకుండ ఎట్ల షురూ చెయ్యాలె?” అన్నాడు ఆమెతో.

“నాకు భయమైతది, నేను పెట్ట,” అంది అత్తమ్మ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

మామ కడ్డీని తీగల మీద పెట్టి, కుడిచేయి చాపాడు. పార్టీవాళ్లు ఖరాబు చేసిందన్న చేయి, ఇన్నేళ్లూ తనే అనుమానించిన చేయి.

“ఈడ పెట్టు,” అన్నాడు.

ఆమె పెట్టిన బొట్టు నిండుగా, గుండ్రంగా ఆ ముడతలు పడ్డ చేతి వీపు మీద కూర్చుంది. ఆయన ఆ చేత్తోనే తీగలు మీటాడు. డబ్బా గొంతు విప్పింది. అమ్మవారి పాట, మెల్లగా, అక్కడక్కడ తప్పుతూ, తప్పిన చోట కడ్డీతో జారి మళ్లీ దారిలో పడుతూ సాగింది. పైన వాన కుండపోతగా కురుస్తోంది. వాల్వులు నారింజ రంగులో నిశ్చింతగా వెలుగుతున్నాయి. ఒక్క చిటపట లేదు. బోనమెత్తుకున్న ఆడవాళ్లు ఊగడం మొదలుపెట్టారు. అత్తమ్మ ఆ చేతిని తప్ప ఇంకేం చూడలేదు.

పాట అయ్యేసరికి చెమటకు ఆ బొట్టు కరిగి, వేళ్ల మీదుగా కారి, గిటారు తీగలకు అంటుకుంది. అలవాటుకొద్దీ నా చేయి దూది కోసం సంచీలోకి వెళ్లింది. తీసి, మళ్లీ లోపల పెట్టేశాను.